చేతులు తీసి నొక్కండి

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తినవాళ్ళు ఆ చేతిని ఓసారి తేరిపార చూసుకోండి, అది మీ చెయ్యేనా కాదా అని. ఎందుకు చూసుకోమన్నానో కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. నేను చెప్పే కథల్లో పులి ఓ మూరెడు పెరిగి ఉండొచ్చు, ఏరు ఓ బారెడు వెడల్పయి ఉండొచ్చు, కాదనను. ఈ కథలో మాత్రం ఒక్క నట్టు కూడా అదనంగా బిగించలేదు.

ఒక కార్ల మెకానిక్ ఉండేవాడు. అందరూ అతన్ని ఉడుం అనేవాళ్ళు. ఉడుంపట్టు అంటారే, ఆ పట్టు. అతను వట్టి చేత్తో బిగించిన బోల్టును ఇంకొకడు పానా పెట్టి విప్పబోతే, పానా వంగేది గానీ బోల్టు కదిలేది కాదు. ఒకసారి జాకీ జారి కారు కిందికి దిగిపోతుంటే బంపరు పట్టుకుని ఆపాడు. కింద పనిచేస్తున్న మనిషి పాక్కుంటూ బయటికొచ్చి, బట్టలు దులుపుకుని, టీ తెప్పించుకుని తాగేదాకా అలా పట్టుకునే నిలబడ్డాడు. ఆ మనిషి టీ చల్లారిందని ఇంకోటి తెప్పించుకున్నాడని కూడా అంటారు. అది కొంచెం ఎక్కువైందనుకోండి. ఇంజను దగ్గితే అది జలుబో ఆయాసమో గోడ అవతల నుంచే చెప్పేసేవాడు ఉడుం. భయం అనే పదార్థం ఆ ఒంట్లో పోయడం దేవుడు మరిచిపోయాడనేవాళ్ళు.

అతనికో తమ్ముడు. ఇంట్లో చిన్నోడు, బయట కూడా చిన్నోడే. కొండదారి పందేల్లో కారు తోలేవాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, అందులో కూర్చుంటే రోడ్డు దాటే చీమల్ని ముఖం చూసి గుర్తుపట్టొచ్చు. బయలుదేరే ముందు చిన్నోడు కిటికీలోంచి కుడి చెయ్యి బయటపెట్టి అరచేత్తో తలుపు మీద రెండుసార్లు కొట్టేవాడు. టప్. టప్. ఇక పోనీ, అని. అది వినబడితే చాలు, దారి పక్కన నిలబడ్డ జనం రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు.

ఆ కారు స్టీరింగు హైడ్రాలిక్‌ది. ఇంజను తిరిగితే పంపు తిరుగుతుంది, పంపు నూనెను పైపుల్లోకి తోస్తుంది, ఆ నూనె ఒత్తిడి చక్రాలు తిప్పడానికి సాయం చేస్తుంది. పైపు బాగున్నంత కాలం అన్నీ బాగుంటాయి.

"ఆ పంపూ ఆ పైపులూ పీకి పారేసి కరెంటు మోటారు పెడతాను రా," అని ఉడుం ఎన్నోసార్లు అన్నాడు.

"వద్దన్నా. నూనె స్టీరింగయితే రోడ్డు సంగతి నా చేతికి తెలుస్తుంది. మోటారు పెడితే ఎవరి చేతికి తెలుస్తుందో ఏమో."

"పైపు పగిలితే ఏం చేస్తావు?"

"నాకు రెండు చేతులు లేవా? తిప్పుతాను. చచ్చినా వదలను."

పగిలింది. కొండదారిలో డ్రైవర్లు లాడం మలుపు అని పిలిచే చోటు ఒకటుంది. ఎడమ పక్క లోయ, కుడి పక్క కొండ. దారి గుర్రపు లాడంలా కుడికి గిర్రున తిరుగుతుంది. అక్కడ హోస్ పైపు పగిలి వేడి నూనె చిమ్మింది. స్టీరింగు రాయి అయిపోయింది. కారు కుడికి తిరగలేదు.

లోయలోకి అందరికంటే ముందు దిగింది ఉడుమే. తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఒక్కడే పైకి మోసుకొచ్చాడు. కింద చూసిందంతా అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. చచ్చినా వదలనన్నవాడి చేతులు స్టీరింగు మీద లేవు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

ఉడుంకి ఒక్కతే కూతురు. ముద్దుపేరు తూనీగ. ఒక్కచోట వాలదని అలా పిలిచేవాళ్ళు. పసితనంలో వచ్చిన జ్వరం ఆ పిల్ల కుడి చేతిలో బలాన్ని పట్టుకుపోయింది. ఆ చేత్తో నిండు గ్లాసు ఎత్తలేదు. రాయడం, తినడం, నాన్న చెవి మెలిపెట్టడం అన్నీ ఎడం చేత్తోనే. బాబాయి ఒళ్ళో కూర్చుని కారు నేర్చుకుంది. బాబాయి పోయిన ఏడాదికి, వచ్చే పందెంలో నేను దిగుతాను, బాబాయి కారుతోనే దిగుతాను అని కూర్చుంది.

"ఆ కారు ముట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాడు ఉడుం.

"కాళ్ళు కావాలి నాన్నా, బ్రేకు తొక్కాలి. ఈ కుడి చెయ్యి ఉందిగా, ఖాళీగా. దీన్ని విరగ్గొట్టుకో."

"విన్నారా ఆ నోరు?" అంది తల్లి. "ఆ నోటిలో ఉన్న బలంలో సగం ఆ చేతిలో ఉంటే చాలు కదా!"

నువ్వివ్వకపోతే వేరే కారు చూసుకున్నానంది తూనీగ. ఉడుం వెళ్ళి ఆ వేరే కారు చూసొచ్చాడు. దాని టైర్లు బట్టతలలు. బ్రేకు తొక్కితే, ఆగాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునే రకం. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈ పిల్ల ఎలాగూ తోలుతుంది. తోలేదేదో నేను బిగించిన బండే తోలనీ.

లోయలోంచి తీసి షెడ్డు మూల టార్పాలిన్ కప్పి ఉంచిన కారును ముందుకు తోశాడు. తలుపు దగ్గర భార్య అడ్డం నిలబడింది.

"ఆ బండి మన ఇంటి మనిషిని మింగిందండీ."

"బండి కాదే, పైపు మింగింది. ఇక దీన్లో ఒక్క నూనె పైపు కూడా ఉండదు. మోటారు పెడతాను. దాని చేతికి వెన్నలా తిరుగుతుంది."

"నాకు మీ పైపుల సంగతి, మోటార్ల సంగతి తెలీదు. పిల్లను తీసుకెళ్తున్నారు. నా పిల్లను నాకు తిరిగి తెచ్చి చేతిలో పెట్టండి. అంతే."

సరేనన్నాడు. ఆ సరే కోసమే ఆ మనిషి తిండీ నిద్రా మానుకున్నాడు.

వానలు పట్టుకున్నాయి. షెడ్డు రేకుల మీద చినుకుల మోత. లోపల ఉడుం, ఆ కారు. నలిగిన బండి ఒళ్ళంతా సరిచేసి, స్టీరింగు దగ్గరికి వచ్చాడు. మొదట పాత నూనె తీశాడు. ఎర్రగా, చిక్కగా దిగింది. పంపు విప్పాడు. పైపులు విప్పి, గాలి ఊది, బయట చెత్తలో పారేశాడు. చక్రాలను అటూ ఇటూ తిప్పే ర్యాకులో మిగిలిన నూనెను కూడా పిండి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచాడు. ఇక ఆ కారులో చుక్క లేదు. వాసన మాత్రం పోలేదు. కాలిన నూనె వాసన... కొంచెం తీపి, కొంచెం చేదు, గొంతులో వెంట్రుక ఇరుక్కున్నట్టు. షెడ్డంతా సబ్బుతో కడిగాడు. సబ్బు వాసన కాసేపు ఉండి వెళ్ళిపోయింది. నూనె వాసన అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత చక్రాలు మొదలుపెట్టాయి.

కారు స్టాండ్ల మీద ఉంది, ముందు చక్రాలు గాలిలో. స్టీరింగు తిన్నగా పెట్టి టీకి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి చక్రాలు కుడికి మెడ తిప్పుకుని చూస్తూ ఉండేవి. ఒకసారి కాదు. నేల వాలుగా ఉందేమోనని రసమట్టం పెట్టి చూశాడు. నేల బల్లపరుపుగా, బుద్ధిగా ఉంది. లోపల స్ప్రింగు ఏదో లాగుతోందేమోనని విప్పి చూశాడు. స్ప్రింగు లేదు. చివరికి స్టీరింగును సీటుకు తాడేసి కట్టి వెళ్ళాడు. వచ్చేసరికి ముడి ముడిలాగే ఉంది. తాడు మాత్రం తీగలా బిగుసుకుపోయి, సన్నగా... మోగుతోంది.

ఇంకొకడైతే అక్కడే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాడు. మన ఉడుం ఏం చేశాడు? తాడు విప్పి, స్టీరింగు తిన్నగా చేసి, "ఊరుకో రా," అన్నాడు. ఎవర్ని అన్నాడో ఆలోచించుకోలేదు. పందెం ముంచుకొస్తోంది.

స్టీరింగు కడ్డీకి ఓ పాత కారులోంచి తీసిన మోటారు బిగించాడు. దాని పక్కనే సెన్సరు. ఈ సెన్సరు పనేమిటంటే, తోలేవాడి చెయ్యి స్టీరింగును ఎటు ఎంత బలంతో తిప్పుతోందో పసిగట్టడం. పసిగట్టి మోటారుకు చెబుతుంది. మోటారు అటువైపే, దానికి పదింతల బలంతో తిప్పుతుంది. చీమ తిప్పితే ఏనుగు తిప్పినట్టు. నిండు గ్లాసు ఎత్తలేని చేతికి అంతకంటే వరం ఏముంటుంది? తూనీగ చెయ్యి కోసమే చేశాడదంతా. బలం లేని చేతులు ఇంకెవరికైనా ఉన్నాయేమో అని అతనికి తోచలేదు.

ఇక మిగిలింది సున్నా పెట్టడం. చెయ్యి లేనప్పుడు ఎలా ఉంటుందో సెన్సరుకు ముందు నేర్పాలి. అది నేర్చుకుంటేనే చెయ్యి ఉన్నప్పుడు గుర్తుపడుతుంది. అరచేయంత టెస్టర్ ఒకటి తగిలిస్తే దాని తెర మీద మాటలు వస్తాయి. చక్రాలు తిన్నగా పెట్టండి. స్టీరింగు మీద చేతులు తీసి, నొక్కండి.

పందెం తెల్లారితే. సాయంత్రం కాకముందే మబ్బుకు షెడ్డులో చీకటి పడింది. ఉడుం తిన్నగా పెట్టాడు. చేతులు తీశాడు. తెర మీద అంకె చూశాడు.

అంకె కుడివైపు ఉంది. కొంచెం కాదు, బాగానే. ఎవరో స్టీరింగును కుడికి లాగి పట్టుకున్నట్టు.

అంతటితో పోతే బాగుండేది. ఆ అంకె నిలకడగా లేదు. కొంచెం పెరిగేది... తగ్గేది... మళ్ళీ పెరిగేది. బరువు పట్టుకుని అలిసిపోయిన చెయ్యి వణుకుతూ, మళ్ళీ బిగించి పట్టుకుంటే ఎలా ఉంటుందో, అలా.

ఉడుం స్టీరింగు అంచు మీద వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఇంకాస్త పైకి జరిపాడు. అక్కడ... వెచ్చగా ఉంది. అవతలి పక్క కూడా చూశాడు. సరిగ్గా అదే ఎత్తులో వెచ్చగా ఉంది.

మెకానిక్‌లకు ఒక పాఠం ఉంటుంది. చేతులు తీశాక సెన్సరు ఏ అంకె చూపిస్తే అదే సున్నా. వేరే కారులోంచి తీసిన సెన్సర్లు ఇలాగే అటో ఇటో చూపిస్తాయి, అందుకేగా ఆ బటను పెట్టింది! తన చేతులు రెండూ తన ముందే ఉన్నాయి, నల్లగా, గ్రీజు పూసుకుని. వేరే చేతులు ఎక్కడివి? లేవు. లేవు కాబట్టి ఇదే సున్నా.

నొక్కాడు.

అంకె సున్నాకు వచ్చి నిలబడింది. డ్రైవరు తలుపు దగ్గర ఏదో చప్పుడైంది. టప్. టప్. రేకులోంచి కారుతోందనుకున్నాడు. తల ఎత్తి చూడలేదు.

"అయిందా నాన్నా?" అంటూ హెల్మెట్ చంకన పెట్టుకుని తూనీగ వచ్చింది. "ఇవాళ చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం? పద, పైదాకా వెళ్ళొద్దాం."

"వాన పడుతోంది కదే."

"రేపు ఎండ కాస్తుందని రాసిచ్చాడా ఎవరైనా? ఉడుంకి భయమేస్తోందని అందరికీ చెప్పనా?"

వెళ్ళారు. తూనీగ స్టీరింగు దగ్గర, ఉడుం పక్క సీట్లో, ఒళ్ళో టెస్టర్. పట్టణం దాటారు, కొండదారి ఎక్కారు. ఆ పిల్ల తోలడం చూడాలి మీరు! గుంతలు తప్పించుకోవడం కాదు, గుంతలే దారి ఇచ్చాయి. కుడి చెయ్యి ఊరికే ఆనించి ఉంచితే చాలు, స్టీరింగు వెన్నలో వేలు పెట్టినట్టు తిరుగుతోంది.

"నాన్నా, ముసలాడివైనా పనిమంతుడివే!"

ఆ మాటకు ఉడుంకి ఏడాదిగా రాని నవ్వు వచ్చింది. ఒక తిన్నని దారిలో, "ఏదీ, చేతులు తీసి చూడు," అన్నాడు. తీసింది. కారు దారం లాగినట్టు తిన్నగా పోయింది. ఇటు అంగుళం లేదు, అటు అంగుళం లేదు. ఇంత తిన్నగా ఏ కారూ ఎన్నడూ పోలేదు.

"చేతులు పెట్టుకో, చాలు," అన్నాడు.

పెట్టుకుంది. వైపర్లు అటూ ఇటూ తుడుస్తున్నాయి. అద్దం లోపల ఆవిరి పడుతోంది. నూనె వాసన...

"నాన్నా." గొంతు తగ్గించింది. "స్టీరింగు వెచ్చగా ఉందేంటి?"

"మోటారు వేడి."

"మోటారు కింద ఉంది కదా. ఇది... ఇక్కడ. నా వేళ్ళ కింద."

"నీ చేతి వేడే అయ్యుంటుంది."

"నా వేళ్ళ కింద... వేళ్ళున్నట్టుంది నాన్నా."

ఉడుం ఒళ్ళోని టెస్టర్ వైపు చూశాడు. "ఇంకొక్కసారి చేతులు తియ్యి," అన్నాడు మెల్లగా. తీసింది. అంకె సున్నా దగ్గర ఉంది. కానీ నిలబడి లేదు. కొంచెం పెరుగుతోంది... తగ్గుతోంది... పెరుగుతోంది. నిజంగా చెయ్యి లేని సెన్సరు చచ్చిన పాములా పడి ఉండాలి. వణకదు. వణికేది మనిషి చెయ్యి ఒక్కటే.

అప్పుడు తెలిసొచ్చింది అతనికి తను ఏం చేశాడో. షెడ్డులో స్టీరింగు ఖాళీగా లేదు. ఆ పైపు పగిలిన క్షణం నుంచి ఈ క్షణం దాకా ఒకడు దాన్ని కుడికి లాగుతూనే ఉన్నాడు. వాడు పట్టుకుని ఉండగానే తను బటను నొక్కాడు. వాడి పట్టునే సున్నా చేశాడు. వాడు పట్టుకున్నంత సేపూ ఈ కారు తిన్నగా పోతుంది. వాడు వదిలితే...

వాడు ఎక్కడ వదిలాడో ఈ లోకంలో ఒక్కడికే తెలుసు.

తలెత్తి చూశాడు. అద్దంలో వాన. వాన వెనుక తెల్లటి పిట్టగోడ. గోడలో ఏడాది కిందట విరిగిన చోట, సిమెంటు రంగు మారిన కొత్త అతుకు. లాడం మలుపు.

"ఆపు."

"ఏంటి నాన్నా?"

"ఆపవే! ఆపు! తల్లీ, ఆపు..."

తొక్కింది. తడి రోడ్డు. కారు ఆగలేదు, జారింది. టెస్టర్‌లో అంకె ఒక్కసారి పెరిగింది. ఇంకా పెరిగింది. ఆఖరి బలమంతా పెట్టి ఎవరో లాగుతున్నట్టు... ఆ తర్వాత... వదిలేశాడు.

స్టీరింగు తూనీగ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఎడమకు తిరిగింది. లోయ వైపు. ఆ పిల్ల ఎడం చెయ్యి పట్టు జారింది. కుడి చెయ్యి ఉన్నా లేనట్టే. మోటారు సన్నగా కేక పెట్టింది. పదింతల బలం. తను బిగించిన మోటారు. తను పెట్టిన సున్నా.

ఉడుం ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని కుడికి లాగాడు. కారును బంపరు పట్టుకుని ఆపిన చెయ్యి అది. కదల్లేదు. ఇంకో చెయ్యి డాష్‌బోర్డు కిందికి పెట్టి ఫ్యూజు కోసం తడిమాడు. గోరు విరిగింది. దొరికింది. పీకేశాడు.

మోటారు చచ్చింది. కేక ఆగింది. స్టీరింగు రాయి అయిపోయింది. చిన్నోడి చేతుల్లో ఎలా అయిందో, అలాగే. రెండు చేతులతో లాగాడు. భుజంలో ఏదో తెగిన చప్పుడు తనకే వినబడింది. చాల్లేదు. తెల్లటి గోడ అద్దం నిండా వచ్చేసింది. జీవితంలో మొదటిసారి ఉడుం ఏడ్చాడు. "రేయ్ చిన్నోడా... దీన్ని వదిలెయ్ రా... నీ కూతురులాంటిది రా... పట్టుకో రా..."

వదలమన్నాడా, పట్టుకోమన్నాడా? రెండూ అన్నాడు. ఏది విన్నాడో అవతలివాడు.

స్టీరింగు తిరిగింది. కుడికి. అతని బలంతో కాదు. తూనీగ కుడి చెయ్యి... ఆ నిండు గ్లాసు ఎత్తలేని చెయ్యి... నరాలు ఉబ్బి, మణికట్టు బిగిసి, ఆ రాతి బరువును ఒక్కటే గిర్రున తిప్పేసింది. కారు గోడను రాసుకుని, గుండ్రంగా తిరిగి, కొండ పక్క కాలువలో ముందు చక్రం దింపి, రోడ్డుకు అడ్డంగా ఆగింది.

వాన చప్పుడు. ఇద్దరూ బతికే ఉన్నారు.

"తల్లీ," అన్నాడు. "చెయ్యి... నొప్పిగా ఉందా?"

తూనీగ తన కుడి చేతి వైపు చూస్తోంది. పరాయివాళ్ళ సామాను వైపు చూసినట్టు. "ఏ చెయ్యి?" అంది.

పాడైన బండ్లను లాక్కెళ్ళే లారీ ఒకటి ఆ దారిలో తిరుగుతుంది. దాన్ని నడిపేవాణ్ణి కొక్కెం అంటారు. చిన్నోడు పందేలు తోలే రోజుల నుంచీ ఆ కారును ఎన్ని కాలువల్లోంచి లాగాడో కొక్కేనికే లెక్క తెలియదు. ఉడుం ఫోను చేస్తే లారీ తోలుకుని పైకి వచ్చాడు.

"ఏంటన్నా ఇది! మళ్ళీ ఈ బండే, మళ్ళీ ఇక్కడేనా?" అని తల కొట్టుకున్నాడు. "ఎత్తడానికి లేదు, నా గొలుసు తెగి కూర్చుంది. తాడు కట్టి లాగాలి. వెనక ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకుని కూర్చోవాలి."

"వదిలెయ్. పిల్లను కిందికి దించు చాలు. బండి పొద్దున చూసుకుందాం."

"అడ్డంగా ఉందన్నా. మలుపు తిరిగి ఏ బస్సో వస్తే? యాభై మంది ఉసురు నాకెందుకు? నువ్వు కూర్చో."

ఉడుం చెయ్యెత్తబోయాడు. భుజం లేవలేదు, మూలుగు లేచింది. నేనే చేతుల్లేనివాణ్ణి అయిపోయాను రా అని చెప్పేలోపు డ్రైవరు తలుపు మూసుకున్న చప్పుడైంది. తూనీగ లోపల కూర్చుని ఉంది.

"అమ్మాయీ, మోటారు లేదట. బరువుంటుంది. నువ్వు తిప్పలేవమ్మా," అని అరిచాడు కొక్కెం.

అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. లోపలి ముఖం కనబడలేదు. కిటికీ దిగింది. ఒక చెయ్యి బయటికి వచ్చింది. కుడి చెయ్యి. అరచేత్తో తలుపు మీద...

టప్. టప్.

కొక్కెం నోట్లో బీడీ కింద పడింది. "అన్నా," అన్నాడు గుసగుసగా. "ఇది... చిన్నోడు కొట్టినట్టు..."

"పోనీ," అన్నాడు ఉడుం. "ఇంటికి పోనీ రా. దానమ్మ చూస్తూ ఉంటుంది."

ఎన్ని మలుపులున్నాయో ఆ దారిలో, అన్నిట్లోనూ ఆ కారు లారీ వెనక నీడలా వచ్చింది. తాడు ఒక్కసారి వదులవలేదు, ఒక్కసారి లాగలేదు. లారీలో కొక్కెం పక్కనున్న ఉడుం వెనక్కి తిరిగి చూడలేదు. పీకిన ఫ్యూజు పిడికిట్లో పట్టుకుని, తిరిగి చూడకుండా కూర్చోవడానికే ఉన్న పట్టంతా వాడాడు.

ఇంటి గుమ్మంలో భార్య తువ్వాలుతో ఎదురొచ్చింది. కూతురి తల తుడిచింది, వేడి పాలు ఇచ్చింది. నిండు గ్లాసు. తూనీగ అందుకుని గడగడా తాగేసింది. తల్లి ముఖం వెలిగిపోయింది.

"ఏమండీ! చూశారా? కుడి చేత్తో!"

ఉడుం చూశాడు.

ఆ పిల్ల అలాగే మంచం మీద వాలి నిద్రపోయింది. తల్లి పక్కనే కూర్చుంది. కాసేపటికి మెల్లగా పిలిచింది. "ఏమండీ... ఇలా రండి. దీని చెయ్యి చూడండి." తూనీగ ఒళ్ళంతా నిద్రలో ఉంది. కుడి చెయ్యి మాత్రం తల్లి మణికట్టును చుట్టి పట్టుకుని, ఏదో గుండ్రటిదాన్ని తిప్పబోతున్నట్టు పక్కకు లాగుతోంది. కొంచెం బిగిస్తోంది... వణుకుతోంది... మళ్ళీ బిగిస్తోంది.

"వదలడం లేదండీ." తల్లి వంగి ఆ వేళ్ళు వాసన చూసింది. "ఈ వాసనేంటి? నూనెంతా తీసేశానన్నారుగా?"

పిల్లను తిరిగి తెచ్చి చేతిలో పెట్టమంది ఆవిడ. తెచ్చాడు. పెట్టాడు.

తూనీగ ఇప్పటికీ పందేలు తోలుతోంది. వేరే కార్లు, మోటారు లేనివి, ఎంత బరువైనవైనా సరే. ఆ చేతిని చూసి అందరూ చప్పట్లు కొడతారు. ఒక్క ఉడుం మాత్రం ప్రతి పందేనికీ లాడం మలుపు దగ్గరే నిలబడతాడు, పిట్టగోడకు వీపు ఆనించి, చేతులు చాచి. ఆ చెయ్యి పట్టుకున్నంత కాలం భయం లేదు. అది ఎక్కడ వదులుతుందో అతనికి తెలుసు.

ఇంకా ఎవరి చెయ్యైనా లేచే ఉందా? అయితే కొండ కిందికి వెళ్ళి అడగండి. ఆ రోజు దారంతా ఉడుం వెనక్కి చూడలేదు గానీ, లారీ తోలేవాడు అద్దంలో చూడక తప్పదు కదా. చూశాడు. తూనీగ ఎడం చెయ్యి ఒళ్ళో పడి ఉందట, తల పక్కకు వాల్చి నిద్రపోతోందట. మరి స్టీరింగు మీద మాత్రం రెండు చేతులున్నాయట. అది చూసినవాడు ఇంకా బతికే ఉన్నాడు, బీడీ మానేశాడు, ఎవరైనా తలుపు తడితే కేక పెడతాడు. అతని పేరు కొక్కెం.